కుందేలు డబ్బాలో పురుగు కనబడితే

గత వర్షాకాలంలో ఒక సాయంత్రం, ఓ.పి. ముగిసే వేళకు, దగ్గరి పల్లె నుండి ఒక తండ్రి ఎనిమిదేళ్ల కూతురిని భుజాన వేసుకుని మన ఆసుపత్రికి వచ్చారు. పాప నోటి నుండి చొంగ కారుతోంది. దారిలో రెండుసార్లు వాంతి అయిందట. ఒళ్లంతా చెమట. డ్యూటీలో ఉన్న సిస్టర్ టార్చి వేసి చూస్తే కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవిగా ఉన్నాయి. పత్తి పండే ఈ ప్రాంతంలో ఇన్నేళ్లుగా పనిచేస్తున్న మాకు ఆ కళ్లు చూడగానే అనుమానం వచ్చింది. ఇంట్లో పురుగుమందు ఏమైనా ముట్టుకుందా అని అడిగాము.

"మందు తాగలేదు సిస్టరమ్మా. కుందేలు డబ్బాల పురుగులైనయని, పత్తికి కొట్టే మందు జర నీళ్లల్ల కలిపి చల్లిన. గంతే" అన్నారాయన.

డబ్బా ఇంకా తడిగా ఉండగానే పాప వట్టి చేతులతో తుడిచి, కుందేలును మళ్లీ అందులో పెట్టి, తరువాత దాన్ని ఒళ్లో వేసుకుని గంటసేపు ఆడుకుంది. వెంటనే బట్టలు తీసివేసి, తలతో సహా సబ్బు పెట్టి ఒళ్లంతా కడిగాము. డాక్టరుగారు అట్రోపిన్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. మూడవ రోజు పాప లేచి కూర్చుని ఇడ్లీ తిన్నది. కుందేలు మాత్రం మొదటి రాత్రే చనిపోయింది. ఆ సంగతి పాపకు ఇంటికి వెళ్లేదాకా చెప్పలేదు.

రెండవ రోజు ఆ తండ్రి ఒక అగ్గిపెట్టె తెచ్చారు. డబ్బాలో దొరికిన పురుగులు అవి. తెల్ల కాగితం మీద గుమ్మరించి చూశాము. ఎర్ర గోధుమరంగులో, నువ్వుగింజకంటె కొంచెం పెద్దవిగా, గట్టి రెక్కలతో ఉన్నాయి. పాత పిండిలో, తవుడులో పుట్టే పిండిపురుగులు! అవి మనిషిని కుట్టవు, కుందేలు రక్తం తాగవు. డబ్బా పక్కన నెలల తరబడి మూతి విప్పి ఉంచిన తవుడు సంచి నుండి వచ్చాయి. ఆ సంచి పారవేసి, డబ్బాను కడిగి ఎండలో పెడితే సరిపోయేది.

పేర్లు లేకుండా ఈ సంగతి రాయడానికి ఆయన ఒప్పుకున్నారు. "రాయండి సిస్టరమ్మా, ఇంకొకలు చెయ్యకుంట" అన్నారు. ఈ మధ్య వర్ధన్నపేటలోను, చుట్టుపక్కల ఊళ్లలోను పిల్లలకు తెల్ల కుందేళ్లు కొనిపెడుతున్న ఇళ్లు చాలా కనబడుతున్నాయి. దానితోపాటే "కుందేలు వచ్చినప్పటినుండి ఇంట్లో పురుగులు, దురదలు" అంటూ ఓ.పి.కి వచ్చేవారూ ఉన్నారు. అందుకే ఈసారి ఈ విషయం.

మొదట పట్టుకుని చూడండి

మందు కోసం చేయి చాచకముందు ఆ పురుగును పట్టుకోండి. సెల్లో టేపు ముక్కను దాని మీద అద్ది, తెల్ల కాగితానికి అంటించండి. లేదా మూత ఉన్న చిన్న సీసాలో వేయండి. ఇంట్లో చదువుకునే పిల్లల దగ్గర భూతద్దం ఉంటే ఇంకా మంచిది. అది ఎక్కడ దొరికింది, దూకిందా, పాకిందా, ఎగిరిందా అన్నది గుర్తుంచుకోండి. ఈ మాత్రం తెలిస్తే సగం పని అయినట్లే. ఎందుకంటే కుందేలు చుట్టూ కనబడే పురుగుల్లో చాలావరకు కుందేలు మీద బతికేవి కావు. అక్కడ రాలిన మేతకోసమో, తడికోసమో, పెంటకోసమో వచ్చినవి.

మేత దగ్గర దొరికేవి పిండిపురుగులు, ముక్కపురుగులు, చీమలు, బొద్దింకలు. తడిసిన గడ్డి కింద, బూజు పట్టిన అట్ట కింద, ఇసుక రేణువంత తెల్లటి పురుగులు గుంపుగా పాకుతుంటాయి. అవి బూజు తిని బతుకుతాయి. వీటన్నిటికీ మందు చీపురే. మేతను మూత ఉన్న డబ్బాలో పెట్టండి. మిగిలిన గడ్డి, ఆకులు సాయంత్రానికి తీసివేయండి. డబ్బా అడుగున వేసిన గడ్డిని, గోనెను రెండు రోజులకొకసారి మార్చండి. డబ్బా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. కాని ఆ గిన్నెల్లో నీళ్లు నిలవ ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో సుమారు వారం, పది రోజులు చాలు. కనుక ఆ నీళ్లు, కుందేలు తాగే నీళ్లు రోజూ పారబోసి, గిన్నె లోపల గట్టిగా తోమాలి. డెంగీ జ్వరంతో వచ్చే పిల్లల ఇళ్లలో డ్రమ్ములు, కూలర్లు వెతికి చూస్తారు గాని ఇలాంటి గిన్నెలు ఎవరికీ గుర్తు రావు.

కుందేలు ఒంటి మీద ఉండేవి

నిజంగా కుందేలును పట్టుకునేవి కొన్నే. వాటిని గుర్తుపట్టడం కష్టం కాదు.

వీపు మీద, మెడ వెనుక చుండ్రులాగా తెల్లటి పొట్టు కనబడితే, దాన్ని నల్ల కాగితం మీదికి దువ్వి రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పొట్టు తనంతట తానే కదిలిందా? అది చుండ్రు కాదు, బొచ్చులో బతికే అతి చిన్న పురుగు. ఇంగ్లీషులో కూడా దీన్ని నడిచే చుండ్రు అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. ఇది మనిషి మీద కాపురం పెట్టదు గాని కుడుతుంది. కుందేలును ఎత్తుకునే చోట, అంటే ముంజేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు లేస్తాయి.

చెవి లోపల గోధుమరంగు చెక్కు పొరలు పొరలుగా కట్టి, కుందేలు తల విదిలిస్తూ కాలితో చెవి గీక్కుంటుంటే అది చెవి గజ్జి. ఆ చెక్కును పుల్లతోనో, దూదితోనో ఊడదీయకండి. కింద పచ్చి పుండు ఉంటుంది, ఆ జీవానికి ప్రాణం పోయినంత నొప్పి. మందు పడితే చెక్కు తానే రాలిపోతుంది. ముక్కు చుట్టూ, పెదవుల మీద, చెవుల అంచున, కాలి వేళ్ల దగ్గర తెల్లగా సున్నం పూసినట్లు చెక్కు కడితే అది ఒంటి గజ్జి. మన దగ్గర పెంచే కుందేళ్లలో కనబడే జబ్బే ఇది.

దూకే పురుగు ఇంకొకటి. పక్కలనుండి నొక్కినట్లు సన్నగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. కుక్క, పిల్లి ఉన్న ఇళ్లలో వాటి నుండి కుందేలుకు వస్తుంది. దీన్ని ఫ్లీ అంటారు. బొచ్చులో నల్లటి నలుసులు కనబడితే తడి తెల్లగుడ్డ మీద రాల్చండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది రక్తం తాగిన ఫ్లీ రెట్ట. ఊరకపోతే మట్టి. ఆడపురుగు రోజుకు 40 దాకా గుడ్లు పెడుతుంది. అవి కుందేలు మీద నిలవవు, నేల పగుళ్లలోకి, చాప కిందికి, దుప్పటి మడతల్లోకి రాలుతాయి. పిల్ల పురుగు గూడు కట్టుకుని నెలల తరబడి లోపలే ఉండగలదు. అందుకే "మొన్ననే శుభ్రం చేశాము, మళ్లీ వచ్చాయి" అంటారు. పరుపులు, బొంతలు, గోనెలు వేడినీళ్లలో ఉతికి ఎండకు వేయాలి. మూలలు, పగుళ్లు రోజూ ఊడ్చి, ఆ చెత్తను అప్పటికప్పుడు ఇంటికి దూరంగా పడవేయాలి. ఇలా కనీసం నెల రోజులు చేయాలి. ఇంట్లో కుక్క ఉంటే దానికీ వైద్యం చేయించాలి, లేకపోతే చేసిందంతా వృథా.

గోమార్లు, పిడుదులు మనవారికి కొత్త కాదు. ఎద్దులకు, మేకలకు చూసినవే. చెవుల మొదట్లో, మెడ కింద వెతకండి. చర్మానికి ఆనించి చిన్న పట్టకారుతో పట్టుకుని నిదానంగా నేరుగా లాగాలి. వట్టి వేళ్లతో నలిపి చంపకండి.

అన్నిటికంటె త్వరగా ప్రాణం తీసేది మాత్రం మనమెవ్వరమూ లెక్కచేయని ఈగ. లావెక్కిన కుందేలు, ముసలి కుందేలు, పారుడు పట్టిన కుందేలు తన వెనుక భాగం శుభ్రం చేసుకోలేదు. అక్కడ మూత్రం, పెంట అంటుకుని తడిగా ఉంటుంది. వర్షాకాలంలో ఈగ ఆ తడి మీద గుడ్లు పెడితే ఒక్క రోజులోపే పురుగులు పుట్టి చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. పైకి బొచ్చు కప్పి ఉంటుంది కనుక తెలియదు. ఉదయం మేత ముట్టలేదంటే, వాసన వస్తోందంటే, వెంటనే తిరగేసి చూడాలి. పురుగులు పడ్డ కుందేలును ఆ పూటే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. రేపు అనుకుంటే ఆ రేపు ఉండదు. వానలు పడినన్నాళ్లు రోజుకు రెండుసార్లు దాని వెనుక భాగం చూడడం పిల్లలకు అలవాటు చేయండి. ఐదు నిమిషాల పని.

ఇంట్లో వారి దురద

"పాప తలలో పేలు కుందేలు నుండే వచ్చాయి" అని ఒక నాయనమ్మ మాతో వాదించింది. మనిషి పేను మనిషి మీద తప్ప బతకదు. పేలు బడిలో పక్కన కూర్చున్న పిల్లల తల నుండి వస్తాయి. ఆ మాట చెబితే అవ్వకు కోపం వచ్చింది గాని నిజం అది.

తెల్లవారి లేచేసరికి ఒంటి మీద వరుసగా మూడు, నాలుగు దద్దుర్లు, మంచం పట్టెల సందుల్లో నల్లటి మచ్చలు ఉంటే అవి నల్లులు. నల్లి దూకదు. పాదాల దగ్గర, చీలమండల చుట్టూ మాత్రమే కుట్లు ఉంటే ఫ్లీని అనుమానించాలి. రాత్రిపూట ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులు, అదీ ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి వస్తే అది మనుషుల గజ్జి. కుందేలు గజ్జి మనిషికి తాత్కాలికంగా దురద పుట్టిస్తుంది గాని మన చర్మంలో వంశం పెంచుకోదు. కుందేలుకు నయమైతే అదీ తగ్గిపోతుంది. మనుషుల గజ్జికి మాత్రం డాక్టరు రాసిన మందును ఇంట్లో అందరూ ఒకే రోజు పూసుకోవాలి. దురద లేనివారు కూడా. ఈ ఒక్క మాట వినక నాలుగుసార్లు తిరిగి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. చర్మం మీద గుండ్రంగా, అంచు ఎర్రగా, పొట్టు రాలుతూ పెరిగే మచ్చ వస్తే అది పురుగు కాదు, తామర. అది కుందేలు నుండి పిల్లలకు అంటగలదు.

ఇంకొక మాట పత్తి రైతుల ఇళ్లకు. ధర కోసం పత్తిని ఇంట్లోనే, పడుకునే గదిలోనే, నెలల తరబడి నిలవ పెడతారు. ఆ పత్తిలోనుండి వచ్చే పురుగుల వల్ల ఇంటిల్లిపాదికీ దురదలు, దద్దుర్లు రావచ్చు. గదినిండా పత్తి పెట్టుకుని, వసారాలో ఉన్న కుందేలు మీద నేరం మోపిన ఇల్లు మేము చూశాము.

కుందేలుకు గడ్డి కోయడానికి పిల్లలను పొదల్లోకి, చేను గట్ల మీదికి పంపుతారు గదా. అక్కడ కంటికి ఆనని ఒక ఎర్రటి పిల్లపురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. తెలంగాణలోనూ ఈ జ్వరం ఉంది. కుట్టినచోట నొప్పి లేని నల్లటి చెక్కు, సిగరెట్టు కాల్చినట్లుగా, చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో దాగి ఉండవచ్చు. గడ్డి కోసి వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చాలి. జ్వరం ఐదు రోజులు దాటి తగ్గకపోతే "పొదల్లోకి వెళ్లాడు" అని డాక్టరుకు చెప్పండి. మందు ఉంది, తేలికైనదే. ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు ప్రమాదం.

చేయకూడని వైద్యం

కుందేలు బరువు ఎంత? సాధారణంగా రెండు కిలోలు, చిన్నదైతే కిలో. పైగా రోజంతా తన బొచ్చు తానే నాకుతూ ఉంటుంది. మీద పోసిందంతా కడుపులోకి పోతుంది. అందుచేత పశువులకు పోసే గోమార్ల మందు దీనికి వద్దు. కుక్కల మెడ వెనుక వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. ఆ మందు కాగితం మీదనే కుందేళ్లకు వాడరాదని రాసి ఉంటుంది. మందు పట్టించిన కుక్క బెల్టులు కూడా వద్దు. కలరా ఉండలు డబ్బాలో వేయకండి, పసిపిల్లలు బిళ్ల అనుకుని నోట పెట్టుకునే ప్రమాదమూ ఉంది. చీమల చాక్‌పీసుతో డబ్బా చుట్టూ గీతలు గీయకండి. మూసిన గదిలో వేపాకు పొగ పెడితే దోమకంటె ముందు కుందేలు ఊపిరి తిప్పుకోలేక పోతుంది, ఉబ్బసం ఉన్న తాతగారూ అంతే. నీళ్లలో ముంచి స్నానం చేయించడమూ మంచిది కాదు. బెదిరి, చలికి ముడుచుకుని కొన్ని చచ్చిపోతాయి.

గజ్జికి, బొచ్చు పురుగుకు పశువైద్యుడు ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్ బరువు చూసి చర్మం కింద వేస్తారు. పురుగు చస్తుంది గాని గుడ్లు చావవు కనుక పది, పద్నాలుగు రోజులకు మళ్లీ వేయించాలి. మొదటి సూదికే బొచ్చు వచ్చిందని రెండవది మానేయకండి. మన పశువైద్యశాలలో చూపించండి. మామునూరు పశువైద్య కళాశాల కూడా వరంగల్ వెళ్లే దారిలోనే ఉంది. కుందేలును బస్సులో ఒళ్లో కాకుండా, గాలి ఆడే బుట్టలో తీసుకుపోండి.

పొలం సీసా సంగతి

పురుగుమందు సీసా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం ఎరుపైతే అతి తీవ్రమైన విషం, పసుపైతే దాని తరువాతిది, నీలం, ఆకుపచ్చ వరుసగా తక్కువవి. ఆకుపచ్చ అయినా అది పొలానికే గాని ఇంటికి కాదు. మన ప్రాంతంలో నల్లులకు, పేలకు కూడా ఈ మందులు వాడే అలవాటు పాతదే. నల్లులకు ఒకప్పుడు ఇంటింటా చల్లిన డైక్లోర్వాస్‌ను 2020 డిసెంబరు 31 నుండి, ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు ఆదేశంతో 2011లో దేశంలో నిషేధించారు. పాత సీసాలు అటకల మీద ఇంకా ఉన్నాయని వార్డుకు వచ్చేవారి మాటలను బట్టి మాకు తెలుస్తుంది.

వరంగల్‌లోని మహాత్మాగాంధీ మెమోరియల్ ఆసుపత్రి లెక్కలను 2005లో వైద్యులు ప్రచురించారు. 1997 నుండి 2002 వరకు పురుగుమందుల విషంతో అక్కడ చేరినవారు 8,040 మంది. నూటికి ఇరవై ఇద్దరికి పైగా చనిపోయారు. 2002లో చేరినవారిలో దాదాపు అందరూ తమంతట తాము తాగినవారే, మూడింట రెండు వంతులు ముప్పై ఏళ్లలోపువారు. కుందేలు కథలో ఇదెందుకంటే, కోపం వచ్చిన క్షణంలో చేతికి అందేది ఇంట్లో ఉన్న సీసాయే. దాన్ని పొలం దగ్గర తాళం వేసిన పెట్టెలో పెట్టండి. ఇంట్లో ఎవరైనా మనసు విరిగి మాట్లాడుతుంటే టెలి మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు, మా దగ్గరకూ రావచ్చు.

మందు ఒంటి మీద పడితే బట్టలు విప్పి, సబ్బుతో ధారాళంగా కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ సంచులైనా తొడుక్కోవాలి. కడుపులోకి పోతే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించకండి. 108కి ఫోన్ చేయండి. సీసా ఖాళీదైనా సరే, కవరులో పెట్టి వెంట తీసుకురండి. దాని మీది పేరు చూస్తే డాక్టరుకు అరగంట కలిసి వస్తుంది.

మొన్న సంక్రాంతి తరువాత ఆ పాప తండ్రితో కలిసి వచ్చింది. వాళ్ల మేనమామ ఇంకొక కుందేలు ఇచ్చాడట. పాప మాకు ఒక కాగితం చూపించింది. దానికి సెల్లో టేపు ముక్క అంటించి ఉంది, కింద పెన్సిలుతో "వీపు మీద, బుధవారం, కదిలింది" అని రాసి ఉంది. మా ల్యాబ్ టెక్నీషియన్ మైక్రోస్కోపు కింద పెట్టి పాపకు కూడా చూపించారు. నడిచే చుండ్రే. పశువైద్యశాలకు చీటీ రాసి పంపాము. రెండవ సూది తేదీని తండ్రి తన ఫోన్‌లో రాసుకున్నారు.